పన్నెండో రోజు నుంచి

చిక్కడపల్లి,
ఆదివారం రాత్రి.

బిడ్డా,

అల్లుడు పోయాక, మొన్న మీ ఇంటికి వచ్చినప్పుడు నీళ్ల సీసా కోసం ఫ్రిజ్ తీశాను. లోపల నాలుగు డబ్బాలు ఉన్నాయి, మూత కూడా తీయలేదు. ఒకదాంట్లో పప్పుచారు పులిసి బుడగలు కట్టింది. ఎవరిచ్చారంటే "ఎదురింటివాళ్లో, పైనవాళ్లో, ఏమో పెద్దమ్మా" అన్నావు. నాకు కోపం రాలేదు. నేనూ ఒకప్పుడు అదే పని చేశాను, ఇంకా మొండిగా చేశాను. ఫోన్‌లో చెప్తే ఊఁ ఊఁ అని పెట్టేస్తావు, అందుకే కాగితం తీశాను.

మీ పెదనాన్న 1996లో పోయారు. అప్పుడు రాంనగర్‌లో రెండు గదుల పోర్షన్ మాది. పెద్దకర్మ దాకా ఇంట్లో చాప ఎత్తే సందు లేదు. పన్నెండో రోజు పొద్దున లేచి చూస్తే నేను, ఇద్దరు పిల్లలు, షామియానావాడు మర్చిపోయిన ఒక కుర్చీ. ఆ పదకొండు రోజులూ మనకు సోయే ఉండదు, ఎవరొచ్చారో ఎవరు పోయారో తెలీదు. మనిషి అవసరం ఆ తర్వాత మొదలవుతుంది. గ్యాస్ బండ అయిపోయినప్పుడు, నడిరాత్రి పిల్లవాడి ఒళ్లు కాలిపోతున్నప్పుడు. సరిగ్గా అప్పటికి అందరూ ఎవరి ఇళ్లకు వాళ్లు వెళ్లిపోయి ఉంటారు.

కింద పోర్షన్‌లో ఇంటి ఓనరమ్మ ఉండేది, ఖాలా, అంటే పిన్ని అని పిలిచేదాన్ని. ఆమె భర్త అంతకు రెండేళ్ల ముందు పోయాడు. భర్త పోయాక వాళ్లు పాటించే ఇద్దత్‌లో నాలుగు నెలల పది రోజులు కూర్చుని లేచిన మనిషి కాబట్టి నాతో ఎట్లా ఉండాలో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పొద్దున్నే స్టీలు డబ్బాలో ఖిచిడీ, పైగిన్నెలో ఖట్టా అనే పుల్లటి చారు గడప దగ్గర పెట్టి, ఒక్కసారి తలుపు తట్టి మెట్లు దిగిపోయేది. "ఎట్లున్నావు?" అని కూడా అడిగేది కాదు. నేను పిల్లలకు పెట్టి, డబ్బా తోమి, ఖాళీది తీసుకెళ్లి ఆమె మెట్టు మీద పెట్టి వచ్చేదాన్ని. మనలో ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వరని నాకు తెలుసు. తెలిసే ఇచ్చాను. ఇక పంపొద్దని చెప్పడం అన్నమాట.

పది రోజులు చూసింది. పదకొండో రోజు పైకి వచ్చి, డబ్బా నా చేతికిచ్చి, "ఖాళీది నేను తీసుకోను, ఏదన్నా వెయ్యి" అంది. ఇంట్లో ఏముంది? చక్కెర డబ్బా వంచి గీరితే గుప్పెడు వచ్చింది. అదే వేశాను. మూత తీసి చూసి, "సరిపోతుంది, సాయంత్రం చాయ్‌కి నువ్వూ రా" అంది. ఆ సాయంత్రం ఆమె ఇంట్లో, నెలన్నర తర్వాత, మొదటిసారి కడుపునిండా తిన్నాను. ఆ డబ్బా ఇప్పటికీ నా దగ్గరే ఉంది. మీద ఆమె పేరు కొట్టించి ఉంటుంది, చూసే ఉంటావు.

తీసుకోవడం చేతకాదు మన ఇంటి ఆడవాళ్లకు. పెట్టడం వచ్చు. తీసుకుంటే చేయి కింద ఉంటుందని నామోషీ. నా నామోషీ వదిలించింది మా వాడకట్టు చిట్టీ. ఇరవై మందిమి, నెలకు వంద. ఆ నెల పాట పెట్టకుండా రెండు వేలూ నా చేతిలో పెట్టారు. దానితో పాత కుట్టు మిషన్ కొన్నాను. మిగిలిన నెలలన్నీ ఒక్కటి తప్పకుండా కట్టాను. వాళ్లు దానం చెయ్యలేదు, నా వంతు ముందుకు జరిపారు, అంతే.

నీ సంగతికి వస్తాను. "ఏమన్నా కావాలంటే చెప్పండి" అని మీ అపార్ట్‌మెంట్‌లో పదిమంది అని ఉంటారు. మాట వరసకన్నారని నువ్వు అనుకుంటావు. కొందరు అంతే. కానీ చాలామందికి ఏం చెయ్యాలో తెలీదు, అందుకే అందరూ పప్పుచారే పంపుతున్నారు. వాళ్లకు నువ్వే పని చెప్పాలి. చిన్న పని, ఫలానా మనిషి, ఫలానా రోజు. "బుధవారం మీ బాబుతో పాటు మావాణ్ణి కూడా ట్యూషన్ నుంచి తీసుకొస్తారా వదినా?" ఇంతే. "నాకు చాలా కష్టంగా ఉంది" అంటే ఎవరైనా బెదురుతారు, బుధవారం అంటే సరే అంటారు.

మొట్టమొదట అడగాల్సింది మీ మూడో అంతస్తులో ఉన్న రిటైర్డ్ బ్యాంకు పెద్దాయనను. లిఫ్ట్‌లో నన్ను పలకరించి నీ గురించి అడిగాడు, మనిషి మంచివాడిలాగే ఉన్నాడు. అల్లుడి కాగితాలన్నీ ఒక సంచిలో వేసుకుని ఆయన ముందు పెట్టు. పీఎఫ్ డబ్బుకు ఫారం 20, నీ పెన్షన్‌కు 10డి, ఈడీఎల్ఐ అనే బీమాకు 5ఐఎఫ్. ఆ బీమా 7 లక్షల దాకా వస్తుంది, దాని సొమ్ము కంపెనీయే కడుతుంది కాబట్టి ఉందనే చాలామందికి తెలీదు. పెన్షన్‌లో పిల్లలిద్దరికీ 25 ఏళ్లు వచ్చేదాకా వేరే వాటా ఉంటుంది. పాస్‌బుక్ కూడా చూపించు. మే నెలాఖర్లో 436 రూపాయలు కట్ అయి ఉంటే అది ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా, 2 లక్షలు. ఆలస్యం చెయ్యకు. డెత్ సర్టిఫికెట్ కాపీలు పదికి తగ్గకుండా దగ్గర పెట్టుకో.

ఆఫీసులకు ఒంటరిగా వెళ్లకు. నా ఉద్యోగం కాగితాల కోసం ఒక ఆఫీసు చుట్టూ ఏడుసార్లు తిరిగాను. ప్రతిసారీ ఇంకో సంతకం తక్కువైంది. ఎనిమిదోసారి మా వాడకట్టు ఆటో ఆయన ఊరికే నా పక్కన నిలబడ్డాడు, నోరు కూడా విప్పలేదు. గుమస్తా గొంతే మారిపోయింది.

అందరినీ ఇంట్లోకి రానివ్వమని చెప్పడం లేదు. "అసలు ఎట్లా జరిగిందమ్మా, అప్పుడు నువ్వెక్కడున్నావు?" అని మొదట్నుంచి చెప్పించుకునేవాళ్లు ఉంటారు. "ఆ మాట ఇప్పుడొద్దు, చాయ్ తాగుదాం" అను. రెండోసారి అడిగితే కుక్కర్ విజిల్ వచ్చిందని లేచిపో. వచ్చే డబ్బు ఎక్కడ పెట్టాలో చెప్పే చుట్టాలతో ఇంకా పైలం. ప్లాటు, వడ్డీ, పార్ట్‌నర్‌షిప్ ఏదన్నా సరే, ఆరు నెలలు దాన్ని ఎఫ్‌డీ నుంచి కదపకు. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టమంటే తమ్ముడైనా సరే వద్దు.

ఇంకోటుంది, చెప్పాలా వద్దా అని ఇంతసేపూ ఆలోచించాను. మా అత్తగారి వైపు పెళ్లిలో కుంకుమ పళ్లెం నా దగ్గరికి వచ్చేసరికి పక్కకు తిరిగింది. తిప్పింది సొంత ఆడబిడ్డ. ఆ ఏడాది బతుకమ్మకు నేను తలుపేసుకుని కూర్చుంటే, రాంనగర్ పిల్లలు వచ్చి తంగేడు, గునుగు గంప నా ఒళ్లో పోసి "పేర్చు ఆంటీ" అన్నారు. పేర్చాను. ఆడే దగ్గర దూరంగా నిలబడితే చిట్టీ నడిపే ఆమె చెయ్యి పట్టి లోపలికి గుంజింది. ఎవరో గొణిగారు, గొణగనీ అనుకున్నాను. నీకూ ఇట్లాంటివి తగులుతాయి. పళ్లెం తిప్పినవాళ్లను చూసి, చెయ్యి పట్టేవాళ్లను కూడా దూరం చేసుకోకు.

అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగినప్పుడు దాదాపు 150 మంది దాని కొమ్మలు పట్టుకుని బతికారు. అటు వెళ్లినప్పుడల్లా కాసేపు ఆగి చూస్తాను. ఆ కొమ్మల మీద పక్కపక్కన వేలాడినవాళ్లంతా ఒకరికొకరు చుట్టాలేం అయ్యుండరు.

రాత్రుళ్లు నిద్ర పట్టక, నేనూ పోతే బాగుండు అనిపిస్తే మాత్రం ఎవరేమనుకుంటారో అని ఆగకు. 14416కి ఫోన్ చెయ్యి, టెలి మానస్ అంటారు, పైసా ఖర్చు లేదు, రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు. నాకూ చెయ్యి, రెండు గంటలప్పుడైనా సరే. ఈ వయసులో నాకు ఎట్లాగూ నిద్ర ఉండదు.

ఇప్పుడు నా పని ఒకటి. శుక్రవారం నాకు కంట్లో శుక్లం తీస్తున్నారు. శనివారం పది గంటలకు కట్టు విప్పి చూస్తారట, ఒక్కదాన్ని వెళ్లలేను. నువ్వు రావాలి. జేఎన్‌టీయూ దగ్గర మెట్రో ఎక్కి, ఎంజీబీఎస్‌లో మారి, చిక్కడపల్లిలో దిగు. తొమ్మిదిన్నరకు స్టేషన్ మెట్ల కింద ఉంటాను. పిల్లల్ని ఎదురింటి ఆమెకు అప్పజెప్పి రా, శుక్రవారమే అడుగు. పోయిన వారం నేను పులిహోర తెచ్చిన డబ్బా నీ దగ్గరే ఉంది, అది కూడా తీసుకురా. ఖాళీదైనా పర్లేదు.

మీ పెద్దమ్మ