అమెరికాలో క్రెడిట్ స్కోరు తక్కువై, పాత ఎవిక్షన్ (ఇల్లు ఖాళీ చేయించే) కేసు కూడా ఉంటే అపార్ట్‌మెంట్ ఇస్తారా?

ఇస్తారు, అందరూ కాదు, ఇచ్చేవాళ్లు కూడా కోసైనర్‌నో (మీరు కట్టకపోతే తాను కడతానని సంతకం పెట్టే మనిషి), రాష్ట్ర చట్టం ఒప్పుకున్నంత వరకు ఎక్కువ డిపాజిట్టో అడుగుతారు. ఓనరుకు కావాల్సింది నెలనెలా అద్దె వస్తుందన్న భరోసా, అది మీ గురించి వాళ్లు తెప్పించుకునే స్క్రీనింగ్ రిపోర్టులో (క్రెడిట్, పాత కేసుల వివరాలు) కనబడకపోతే మీరే వేరేలా చూపించాలి. ఉదాహరణకి అద్దె 1,500 డాలర్లయితే చాలా కాంప్లెక్సులు మూడింతలు, అంటే 4,500 నెల జీతం చూస్తాయి. ఆ పే స్టబ్బులు (జీతం స్లిప్పులు), పాత ఓనరుకు బాకీ తీర్చిన రసీదు అప్లికేషన్‌తోపాటే పెట్టేయండి, వాళ్లు తవ్వి తీసేదాకా ఆగొద్దు.

బాకీ కట్టేస్తే ఎవిక్షన్ రికార్డు దానంతటదే పోతుందనుకుంటారు. పోదు, స్క్రీనింగ్ రిపోర్టులో మామూలుగా 7 ఏళ్ల దాకా కనబడొచ్చు. రిపోర్టు చూసి కాదన్నారా, 60 రోజుల్లోపు అడిగితే ఆ రిపోర్టు తయారుచేసిన కంపెనీ కాపీ ఉచితంగా ఇవ్వాలి. పేరు కలిసిందని ఇంకెవరి కేసో మీకు అంటగట్టి ఉండొచ్చు కూడా.