3.6 లక్షల రేసు సైకిల్: ఎఫ్‌డీ తీయాలా, ఈఎంఐ కట్టాలా?

ప్రశ్న: నాకు 47 ఏళ్లు. హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం, నెలకు చేతికి 1.45 లక్షలు వస్తాయి. గృహరుణం ఇంకా 36 లక్షలుంది. ఈఎంఐ 48 వేలు, ఇంటి ఖర్చు 52 వేలు. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న పాప ఇంజినీరింగ్ కోసం నెలకు 25 వేలు సిప్ చేస్తున్నాను. బ్యాంకులో 3.2 లక్షల ఎఫ్‌డీ, 50 లక్షల టర్మ్ పాలసీ, కంపెనీ ఇచ్చిన 5 లక్షల ఆరోగ్య బీమా ఉన్నాయి. రెండేళ్లుగా 60 వేలు పెట్టి కొన్న అల్యూమినియం రోడ్ సైకిల్ తొక్కుతున్నాను. ఇప్పుడు మాస్టర్స్ (పెద్ద వయసువారి) విభాగంలో పోటీలకు దిగాలని ఉంది. 3.6 లక్షల కార్బన్ సైకిల్ (కార్బన్ ఫైబర్ ఫ్రేమ్‌ది) చూసి పెట్టుకున్నాను. ఎఫ్‌డీ తీసి కొనాలా, 24 నెలల వడ్డీ లేని ఈఎంఐ మీద తీసుకోవాలా? మా ఆవిడ రెండూ వద్దంటోంది.

జవాబు: ఆవిడ మాటే నాదీ. అయితే పోటీలు మానేయమని నేననను. దిగండి, ఇప్పుడున్న సైకిల్‌తోనే దిగండి.

ఎఫ్‌డీ మొత్తం తీసినా ఆ సైకిల్‌కు ఇంకా 40 వేలు తక్కువ పడతాయి. పైగా ఈఎంఐ, ఇంటి ఖర్చు కలిపి మీకు నెలకు లక్ష కావాలి. ఆరు నెలల అత్యవసర నిధి అంటే 6 లక్షలు. మీ దగ్గరున్నది అందులో సగం చిల్లర. దాని మీద చెయ్యి వేయకండి.

ఇక ఈఎంఐ. అన్ని ఖర్చులూ పోను మీకు నెలకు 20 వేలు మిగులుతున్నాయి. అందులో 15 వేలు సైకిల్‌కే పోతే మిగిలేది 5 వేలు. పోటీల అసలు ఖర్చు సైకిల్ కొన్నాకే మొదలవుతుంది: టైర్లు, ప్రవేశ రుసుము, ఊరు దాటితే ప్రయాణం, బస. వాటికి ఈ 5 వేలు చాలక మీరు క్రెడిట్ కార్డు బయటికి తీస్తారు. ‘వడ్డీ లేని’ అన్న మాటనూ అంత తేలిగ్గా నమ్మకండి. మొత్తం ఒకేసారి కడితే ఎంత తగ్గిస్తారని దుకాణంలో అడగండి. ఆ తగ్గింపు వదులుకోవడమే మీరు కట్టే వడ్డీ. ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ భాగంపై 18 శాతం జీఎస్టీ అదనంగా కార్డు బిల్లులో కనిపిస్తాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్లపై జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగిన మాట నిజమే. కానీ అది ఇవాళే కొనాల్సిన కారణం కాదు.

మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది టర్మ్ పాలసీ. మీకేదైనా జరిగితే వచ్చే 50 లక్షల్లో 36 లక్షలు ఇంటి అప్పుకే పోతాయి. ఆవిడకు, పాపకు మిగిలేది 14 లక్షలు. సైకిల్ కన్నా ముందు కనీసం మరో కోటి రూపాయల పాలసీ తీసుకోండి. దరఖాస్తులో సాహస క్రీడల గురించి అడిగితే పోటీల సంగతి దాచకండి. ప్రీమియం కాస్త పెరిగినా ఫర్వాలేదు.

గుంపుగా వెళ్లే రేసులో ముందువాడి వెనక చక్రానికీ మీ ముందు చక్రానికీ మధ్య జానెడు దూరం ఉంటుంది. గాలి తాకిడి తప్పించుకోవాలంటే అలా అతుక్కుని వెళ్లక తప్పదు. ఒకరు బ్రేకు వేస్తే పదిమంది పడతారు. కాలర్ ఎముక విరిగితే వారాల తరబడి సెలవు పెట్టాలి. కాబట్టి వ్యక్తిగత ప్రమాద బీమా తీసుకోండి. తాత్కాలికంగా పనిచేయలేకపోతే వారం వారం కొంత సొమ్ము ఇచ్చే భాగం అందులో ఉండాలి. ఇక్కడొక మెలిక ఉంది. ఆరోగ్య బీమాలో సాహస క్రీడల మినహాయింపు సాధారణంగా వాటిని వృత్తిగా ఆడేవారికే వర్తిస్తుంది. ప్రమాద బీమాలో మాత్రం ‘రేసింగ్’ అన్న ఒక్క మాటతో క్లెయిము తోసిపుచ్చే పాలసీలు ఉంటాయి. అమెచ్యూర్ సైకిల్ రేసులకు వర్తిస్తుందా అని బీమా సంస్థను ఈమెయిల్‌లో అడిగి, జవాబు దాచుకోండి. ఏజెంటు నోటిమాట చాలదు. ఉద్యోగంతో పోయే కంపెనీ బీమాకు తోడు కుటుంబానికి సొంత ఆరోగ్య పాలసీ కూడా ఉండాలి.

ఈ ప్రీమియంలు పోను మిగిలినదాన్ని రెండు భాగాలు చేయండి. పెద్దది అత్యవసర నిధికి, చిన్నది పోటీలకు. గుండె పరీక్ష ఖర్చు ఈ చిన్న భాగంలోదే. ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించుకోకుండా రేసులో పేరు ఇవ్వకండి. మొదటి సీజన్ టైమ్ ట్రయల్స్‌కే పరిమితం కావడం మంచిది. అక్కడ ఒక్కొక్కరే గడియారంతో పోటీ పడతారు, గుంపులో పడే భయం ఉండదు. సాధనకు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ పైకప్పు ట్రాక్ ఉంది. పైసా ఖర్చు లేదు, లారీల బెడద లేదు.

కార్బన్ సైకిల్ మిమ్మల్ని ఎంత వేగంగా తీసుకెళ్తుంది? చదును రోడ్డు మీద గంటకు 40 కిలోమీటర్ల వేగంలో మీ శక్తిలో అధిక భాగం గాలిని చీల్చడానికే పోతుంది. ఆ గాలిని ఎక్కువగా అడ్డుకునేది సైకిల్ కాదు, మీ ఒళ్లు. హ్యాండిల్ మీదికి సరిగ్గా వంగి కూర్చునేలా ఫిటింగ్ చేయించుకోండి, మంచి టైర్లు వేయించండి. వీటికయ్యే ఖర్చు కార్బన్ ఫ్రేమ్ ధరలో చిన్న ముక్క. గొలుసు గేజీ ఒకటి కొనండి, కొన్ని వందలే. దాని కొన గొలుసు లింకుల మధ్య పూర్తిగా దిగిందంటే గొలుసు సాగిందని అర్థం. అప్పుడే మారిస్తే గొలుసుతో పోతుంది. బద్ధకిస్తే వెనక పళ్ల చక్రాలూ అరిగి, ఖర్చు రెండు మూడింతలవుతుంది.

మీరు అడగని సంగతి ఒకటి. పాప ఫీజు వచ్చే ఏడాదే మొదలవుతుంది. సిప్ సొమ్ము ఈక్విటీ ఫండ్లలో ఉంటే, మొదటి రెండేళ్ల ఫీజుకు సరిపడా ఇప్పుడే ఒడుదొడుకులు తక్కువుండే లిక్విడ్ ఫండ్‌లోకి మార్చండి. మార్కెట్ పడిన నెలలోనే కాలేజీ ఫీజు గడువు వస్తే సైకిల్ అమ్మినా పూడదు.

ఒక సీజన్ పూర్తయ్యాక కూడా ఇదే ఉత్సాహం ఉండి, అత్యవసర నిధి 6 లక్షలు దాటితే బోనస్ సొమ్ముతో కార్బన్ సైకిల్ కొనుక్కోండి. వాడినది చవకగా వస్తుందని ఎవరైనా అంటే, అసలు బిల్లు, ఫ్రేమ్ నంబరు చూడనిదే బయానా ఇవ్వకండి. ఒకసారి గట్టిగా పడిన కార్బన్ ఫ్రేమ్‌లో పగులు పెయింటు కింద కనిపించకుండా ఉండవచ్చు.