నల్లా నీళ్లలో క్లోరిన్ వాసన.. మా బాబు ఊపిరితిత్తులకు ప్రమాదమా?

ప్రశ్న: మాది హైదరాబాద్, మల్కాజిగిరి. నల్లా నీళ్లు కొన్ని రోజులు ఘాటుగా క్లోరిన్ వాసన వస్తాయి. మా బాబుకు తొమ్మిదేళ్లు, ఆస్తమా ఉంది. గీజర్ నీళ్లతో షవర్ స్నానం చేసి రాగానే దగ్గుతాడు. నీటిశుద్ధిలో పుట్టే రసాయనాలు ఊపిరితిత్తుల కణాలను దెబ్బతీస్తాయని చదివినప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. ఆ నీళ్లు మానేయాలా? - ఒక పాఠకురాలు

జవాబు: మానేయక్కర్లేదమ్మా. మీరు చదివింది అబద్ధం కాదు. నీళ్లలో కలిసిన ఆకులు, నాచు తాలూకు పదార్థంతో క్లోరిన్ చర్య జరిపితే క్లోరోఫాం వంటి ట్రైహాలోమీథేన్లు పుడతాయి. 1974 నుంచే ఈ సంగతి తెలుసు. ల్యాబ్‌లో ఇలాంటివి కణాల మీద నేరుగా వేసి చూస్తారు, మోతాదు కూడా చాలాసార్లు ఎక్కువే ఉంటుంది. తాగే నీళ్లలో క్లోరోఫాం లీటరుకు 0.3 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితి పెట్టింది. క్లోరిన్ లేకపోతే వచ్చే కలరా, టైఫాయిడ్ ముప్పు అంతకంటే చాలా పెద్దది. డ్రైనేజీ పక్కనే మంచినీళ్ల పైపు వెళ్లే మన బస్తీల్లో మరీను.

మీ బాబు విషయంలో నేను చూసేది బాత్రూం. క్లోరోఫాం తేలిగ్గా ఆవిరవుతుంది. తలుపు, కిటికీ మూసి వేడి షవర్ కింద నిలబడితే అది, క్లోరిన్ ఘాటు రెండూ ఊపిరిలోకి వెళ్తాయి. ఆస్తమా ఉన్న పిల్లల శ్వాసనాళాలు ఘాటు తగిలితే చాలు, ముడుచుకుంటాయి. షవర్ బదులు బకెట్‌లో గోరువెచ్చని నీళ్లు పెట్టండి. వాసన ఎక్కువగా ఉన్న రోజు నీళ్లు ముందే పట్టి, మూత లేకుండా కాసేపు ఉంచండి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయండి. నాలుగు గోడల మధ్య ఉండే స్విమ్మింగ్ పూల్‌కు పంపుతుంటే చెప్పండి, అక్కడి గాలిలో చేరే ట్రైక్లోరమైన్ (పూల్ నీళ్లలోని క్లోరిన్ చెమట, మూత్రంతో కలిస్తే పుట్టే ఘాటు వాయువు) ఆస్తమాను రేపుతుంది.

నాకు అసలు భయం వేరే ఉంది. బాత్రూం కడిగేటప్పుడు బ్లీచింగ్ పౌడర్, యాసిడ్ కలిపేస్తుంటారు. దాంతో క్షణాల్లో క్లోరిన్ గ్యాస్ వస్తుంది. అది నిజంగానే ఊపిరితిత్తులను కాల్చేస్తుంది, కొందరికి ఆయాసం గంటల తర్వాత మొదలవుతుంది. ఎప్పుడూ కలపొద్దు. మీ వాచ్‌మన్‌కు, పనమ్మాయికి కూడా చెప్పండి. పొరపాటున పీలిస్తే బయటి గాలిలోకి వచ్చి, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

బాబుకు రాత్రిళ్లు దగ్గు వస్తున్నా, ఆయాసం వచ్చినప్పుడు పీల్చే రిలీవర్ ఇన్‌హేలర్ వారంలో రెండుసార్లకు మించి వాడాల్సి వస్తున్నా ఆస్తమా అదుపులో లేనట్టే. డాక్టర్‌కు చూపించి స్పైరోమెట్రీ (గొట్టంలోకి ఊదించి ఊపిరితిత్తుల పనితీరు చూసే పరీక్ష) చేయించండి. రోజూ వాడే ఇన్‌హేలర్ మాత్రం మీ అంతట మీరు ఆపకండి.