పూజ ఎగ్గొడితే టిఫిన్ కట్

ప్రశ్న: మేం కతోలికులం, గుంటూరు దగ్గర ఉంటాం. మా అబ్బాయి తొమ్మిదో తరగతి, ఫాదర్లు నడిపే స్కూల్లో హాస్టల్లో ఉంటున్నాడు. దసరా సెలవులకు వచ్చి ఆదివారం చర్చిలో పూజకు (మాస్‌కు) రానన్నాడు. ‘అక్కడ చేసింది చాలు, దేవుడూ లేడు ఏమీ లేడు’ అంటే వాళ్ల నాన్న చెయ్యి చేసుకున్నారు. పూజ ఎగ్గొడితే అక్కడ టిఫిన్ పెట్టరట. భక్తి అబ్బుతుందనే చేర్పించాం. స్కూలు మార్చాలా?

జవాబు: అమ్మా, ముందు ఇంట్లో కొట్టడం ఆపించండి. హాస్టల్లో జరిగేదే ఇంట్లోనూ జరిగితే వాడిక ఎవరికీ ఏదీ చెప్పుకోడు.

‘దేవుడు లేడు’ అన్నందుకు వాదనకు దిగకండి. ఈ వయసులో ఆ కోపం చాలాసార్లు దేవుడి మీద కాదు, దేవుడి పేరు చెప్పి శిక్షించేవాళ్ల మీద. ఇలాంటి స్కూళ్లలో పిల్లల విశ్వాసం నిలిచినా చెడినా సత్యోపదేశం (మతబోధ) క్లాసులో కంటే దాని బయటే ఎక్కువ. అల్లరి చేశాడని మోకాళ్ల మీద 53 మంగళవార్త జపాలు (మరియమాత ప్రార్థన, జపమాలలో ఉన్నన్నీ) చెప్పిస్తే, జపమాల పట్టుకున్నప్పుడల్లా వాడికి గుర్తొచ్చేది మోకాళ్ల నొప్పే.

‘ఎందుకు నమ్మవు?’ అని కాకుండా, జరిగేది అడగండి. నిద్రలేవకపోతే ఏం చేస్తారు? క్లాసులో సందేహం అడిగితే టీచరు ఏమంటారు? పాపసంకీర్తనం (ఫాదర్‌కు పాపాలు చెప్పుకోవడం) ఎవరి దగ్గర? ఏదో పని చేసుకుంటూ రోజుకు ఒకటి చాలు. కూర్చోబెట్టి వరసగా అడిగితే బిగుసుకుపోతాడు.

చివరి ప్రశ్న చిన్నది కాదు. 1983 నాటి శ్రీసభ (కతోలిక చర్చి) చట్టం 985వ నియమం ప్రకారం, విద్యాసంస్థ రెక్టరు (అధిపతి ఫాదర్) అక్కడే ఉండే పిల్లల పాపసంకీర్తనం వినకూడదు, పిల్లవాడే కోరుకుంటే తప్ప. పొద్దున శిక్ష వేసిన మనిషికి సాయంత్రం ఏ పిల్లాడు నిజం చెబుతాడు? సగం దాచి పూజలో సత్ప్రసాదం (కమ్యూనియన్) తీసుకుంటాడు, అది లోపల కుళ్లుతుంది, చివరికి ‘అంతా నాటకం’ అంటాడు. నియమం చెప్పేది రెక్టరు గురించే అయినా, శిక్షలు వేసే వార్డెన్ ఫాదర్‌కూ ఇదే వర్తించాలని నా అభిప్రాయం. పాపసంకీర్తనానికి బయటి ఫాదర్‌ను నెలకోసారి పిలిపించమని అడగండి.

సెలవులయ్యాక ఇద్దరూ వెళ్లి ప్రిన్సిపాల్‌ను కలవండి, అబ్బాయిని గదిలో ఉంచకండి. ‘మావాడికి విశ్వాసం పోయింది’ అనకండి, ఆ ముద్ర పదో తరగతి దాకా వదలదు. పూజకూ టిఫిన్‌కూ ముడి పెట్టొద్దని మాత్రం గట్టిగా చెప్పండి. శ్రీసభ విధిగా పెట్టింది ఆదివారాలు, అప్పు పండుగల (పూజ తప్పనిసరైన పెద్ద పండుగల) పూజే, రోజువారీది కాదు. పైగా ప్రభుత్వ గుర్తింపు ఉన్న స్కూల్లో మైనర్ పిల్లలు ఆరాధనకు వెళ్లాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలని రాజ్యాంగం 28(3) అధికరణం చెబుతోంది. అడ్మిషన్ ఫారంలో దేనికి సంతకం పెట్టారో చూసుకుని, మామూలు రోజుల పూజ వాడి ఇష్టానికి వదలమని రాసివ్వండి. కాపీ మీద స్కూలు ముద్ర వేయించుకోండి. దెబ్బలు కూడా ఉంటే ఫిర్యాదు వేరే కాగితం మీద రాయండి. వారంలో కదలిక లేకపోతే స్కూలు నడిపే సంస్థ పెద్దలకు పంపండి, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.

ఇంట్లో ప్రార్థన పది నిమిషాలకు మించనివ్వకండి. వాడు ఊరికే కూర్చున్నా చాలు, చదివించకండి. ఆదివారం మీరు వెళ్లండి, ‘వస్తావా?’ అని ఒక్కసారే అడగండి.

స్కూలు ఇప్పుడే మార్చకండి. క్రిస్మస్ సెలవుల దాకా చూడండి. టిఫిన్ శిక్ష ఆగకపోతే తొమ్మిదో తరగతి పరీక్షలవగానే టీసీ తీసుకోండి, పదో తరగతి మధ్యలో మార్చడం కష్టం. దగ్గర్లో చుట్టాలుంటే ముందు డేస్కాలర్‌గా మార్చి చూడొచ్చు.