టీమ్‌లో పెద్దాయన పని నేర్పడం లేదా?

"టీమ్‌లో అరవై దాటిన ఆయన ఉన్నాడు. ఏది అడిగినా విసుక్కుంటాడు, కేటీ ఇవ్వడు, అంటే తనకి తెలిసిన పని వివరంగా నేర్పడు." అమెరికాకి కొత్తగా వచ్చిన మన పిల్లల దగ్గర తరచూ వినే గోడు ఇది. బ్యాంకుల్లో, ఇన్సూరెన్స్ కంపెనీల్లో చేరినవాళ్లయితే మరీను. అక్కడ కోబాల్ అనే పాతకాలపు కంప్యూటర్ భాషలో రాసిన ప్రోగ్రాములు ఇంకా నడుస్తున్నాయి, వాటి గుట్టు ఆ పెద్దవాళ్లకే తెలుసు.

ముందు ఆయన లెక్క చూడండి. మన ప్రభుత్వోద్యోగాల్లోలా ఫలానా వయసు రాగానే ఇంటికి పంపే పద్ధతి ఇక్కడ చాలా ఉద్యోగాల్లో లేదు. 1960లో, ఆ తర్వాత పుట్టినవాళ్లకి సోషల్ సెక్యూరిటీ, అంటే ఇక్కడి ప్రభుత్వ పింఛను, పూర్తిగా రావాలంటే 67 నిండాలి. 62కే మొదలుపెడితే 30 శాతం కోత. పెద్దవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా మెడికేర్ మామూలుగా 65కి గానీ రాదు. అందాకా చాలామందికి, వాళ్ల భార్యకో భర్తకో కూడా, కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమానే దిక్కు. పైగా తన పని ఇంకొకరికి నేర్పించి, ఆ వెంటనే లేఆఫ్ కాగితం అందుకున్నవాళ్లని ఆయన చూసే ఉంటాడు. మీరు వెళ్లి "మొత్తం చెప్పండి" అంటే గుండెల్లో రాయి పడదా?

అందుకని ఒక్క చిక్కు పట్టుకెళ్లండి. "ఈ ప్రోగ్రాం నెలాఖరున మాత్రం రెండుసార్లు ఎందుకు నడుస్తోంది? నాకైతే ఇలా అనిపిస్తోంది" అనండి. మీరనుకున్నది తప్పయినా నష్టం లేదు, దిద్దుతూ దిద్దుతూ ఆయనే పాత కథలన్నీ చెప్పేస్తాడు. విన్నది రాసి ఆయనకి చూపించండి. మీటింగులో ఆ సంగతి వస్తే ఆయన పేరు చెప్పండి. చాట్‌లో ఉత్త "హాయ్" పెట్టి కూర్చోకండి, ఎవరికైనా చిరాకే.

"సార్" అక్కర్లేదు, పేరు పెట్టే పిలవండి. మొదట్లో నోరు రాదు, అలవాటవుతుంది. "ఎప్పుడు రిటైరవుతారు?" అని సరదాకైనా అడగొద్దు. 40 నిండినవాళ్ల మీద ఉద్యోగంలో వయసు వివక్ష కూడదని 1967లోనే చట్టం వచ్చింది. మీ జోకు హెచ్ఆర్ దాకా వెళ్లొచ్చు.

వైటూకే రోజుల్లో, అంటే 2000 సంవత్సరం వస్తే కంప్యూటర్లలో తేదీలు తప్పుతాయని ప్రోగ్రాములు దిద్దించిన కాలంలో, వచ్చిన తెలుగు మేనేజరు తగిలితే మాత్రం కథ వేరు. మీరు ఆరింటికి లాప్‌టాప్ మూస్తే "మా రోజుల్లో..." అని మొదలెడతాడు. విని ఊరుకోండి. కానీ వీసా పేరు చెప్పి శని, ఆదివారాలు పని చేయిస్తుంటే, ఏ రోజు ఎన్ని గంటలు చేశారో ఎప్పటికప్పుడు ఈమెయిల్లో పెట్టండి. ఆయన్ని ఆఫీసులో "అన్నా" అని మాత్రం పిలవకండి. వరస కలిశాక శనివారం పని కాదనడం మహా కష్టం.