నాలుక కింద పొర కోయించాలా వద్దా, పదమూడేళ్ల పిల్లాడి తల్లికి

తల్లీ,

నీ మెసేజ్ చదివాను. డెంటిస్ట్ చూసి టంగ్ టై (నాలుక కింద పొర పట్టేసి ఉండటం) ఉంది, పైపెదవి లోపలి పొర అలాగే పట్టేసిన లిప్ టై కూడా ఉంది, రెండూ ఒకే సిట్టింగ్‌లో లేజర్‌తో తీసేద్దాం అన్నారనీ, తల్లినయ్యుండి ఇన్నేళ్లు నేనెలా గమనించలేదనీ రాశావు. ముందు ఆ రెండో బాధ పక్కన పెట్టెయ్. పసివాడిగా ఉన్నప్పుడు పాలు బాగానే తాగాడు, బరువు పెరిగాడు, టైముకి మాటలొచ్చాయి, ఇంక నాలుక ఎత్తి చూడాలని ఎవరికి తోస్తుంది చెప్పు. కొంతమందిలో ఇది బయటపడేదే ఈ వయసులో, క్లాసులో గట్టిగా చదవాల్సి వచ్చినప్పుడో, కొత్త భాష నేర్చుకుంటున్నప్పుడో, పళ్లకి క్లిప్పులు వేద్దామని నోరు తెరిపించినప్పుడో. ఇన్నేళ్లు స్పీచ్ థెరపీ చేసినదాన్ని కాబట్టి చెప్తున్నా, కంగారుపడి డేట్ తీసుకోకు. ఇందులో ఎమర్జెన్సీ లేదు, నెల ఆగితే పోయేదేం లేదు.

ఆ పొర అందరికీ ఉంటుంది, నాలుక కిందా ఉంటుంది, పెదాల లోపలా ఉంటుంది. అది పొట్టిగానో మందంగానో ఉండి, కొస దాకా అంటుకుపోయి, కదలికని ఆపేస్తుంటేనే టై అనాలి. నువ్వు పంపిన ఫొటోలో నాలుక చాపినప్పుడు కొస మధ్యలో నొక్కుపడి హార్ట్ షేప్‌లో ఉంది, కాబట్టి డాక్టర్ చెప్పింది నిజమే అయ్యుంటుంది, కానీ అది వాడికి ఎంత అడ్డుపడుతోందో ఫొటో చెప్పదు కదా.

అందుకే ఇంట్లో ఇది చేసి చూడు. మంచి వెలుతురులో కూర్చోబెట్టి నోరు ఎంత తెరవగలిగితే అంత తెరవమను, పై ముందుపళ్ల అంచు నుంచి కింది పళ్ల అంచు దాకా స్కేలుతో కొలువు. తర్వాత నాలుక కొస పైపళ్ల వెనకాల అంగిలికి ఆనించి, అది ఊడకుండా మళ్లీ ఎంత వీలైతే అంత తెరవమను. మొదటిసారి 45 మిల్లీమీటర్లు వచ్చి రెండోసారి 30 వస్తే పెద్ద ఇబ్బందేం కాదు, 18 దగ్గరే ఆగిపోతే, అంటే సగం కూడా రాకపోతే, నాలుకని ఆ పొర బాగానే పట్టేసి ఉందన్నమాట. డాక్టర్లు కూడా ఇలాంటి లెక్కే చూస్తారు.

ఇంకోటి, నాకు దీనిమీదే నమ్మకం ఎక్కువ. నోరు రెండు వేళ్ల మందం తెరిచి ఉంచి "లలలల" అనమను, నీ వేలు వాడి గడ్డం కింద ఆనించి ఉంచు. నాలుక తనంతట తను లేస్తుంటే గడ్డం దాదాపు కదలదు. లేవలేకపోతే ప్రతి "ల"కీ దవడే పైకొచ్చి నాలుకకి అంగిలిని అందిస్తుంది, నీ వేలికి ఆ కదలిక తెలిసిపోతుంది. పెద్ద పిల్లల్లో కష్టం ఎక్కడంటే ఇలాంటి అడ్డదారులు వాళ్లు ఎప్పుడో కనిపెట్టేసుకుని ఉంటారు, "ర"ని నాలుక మధ్యభాగంతో లాగించేస్తారు, "ళ", "ణ" రావాల్సిన చోట "ల", "న" అనేస్తారు (ఇంట్లో అందరూ అలాగే అంటుంటే అది యాస, దానికి వాడిని ఏమనకు), నోరు తిరగని మాట వస్తే చటుక్కున ఇంకో మాట పెట్టేస్తారు. విడివిడిగా ఒక్కో మాట అడిగితే బ్రహ్మాండంగా పలుకుతారు, అదే రెండు పేజీలు గడగడా చదవమంటే చివరికొచ్చేసరికి మాట ముద్దయిపోతుంది, దవడ నొప్పంటారు. అందుకే పది నిమిషాలు చదివించి విను.

మీ అత్తగారు నాలుక కోయిస్తే నత్తి పోతుంది అంటున్నారని రాశావు. ఆవిడ ప్రేమకొద్దీ అంటున్నారు గానీ నత్తికీ దీనికీ సంబంధం లేదు తల్లీ. మొదటి అక్షరం పదేపదే రావడం, మాట మధ్యలో బిగుసుకుపోవడం, అవి వేరే, వాటి థెరపీ వేరే. మాటలు ఆలస్యంగా రావడానికి కూడా ఈ పొర కారణం కాదు. "ప, బ, మ" పెదాలతో పలుకుతాం, "క, గ" నాలుక వెనకభాగంతో పలుకుతాం, వాటిలో తేడా ఉంటే కారణం ఇంకెక్కడో వెతకాలి. కొస లేవాల్సిన "ట, డ, ణ, ర, ల, ళ" దగ్గరే ఈ పొర మీద అనుమానపడాలి. అక్కడ కూడా అనుమానమే సుమా. 2020లో అమెరికాలో ఈఎన్‌టీ డాక్టర్లు కలిసి పిల్లల టంగ్ టై మీద ఒక ఏకాభిప్రాయ పత్రం రాశారు, అందులో మాట మీద దీని ప్రభావం మామూలుగా ఉండదనే చెప్పారు. కాబట్టి కత్తికంటే ముందు స్పీచ్ థెరపిస్ట్ దగ్గరికి వెళ్లు. థెరపీ చేస్తున్నా కొస అందక అక్కడే ఆగిపోతుంటే అప్పుడు కోయించడానికి అర్థముంది.

మాట ఒక్కటే కాదులే. పెదాలు తడుపుకోలేకపోవడం, ఐస్‌క్రీమ్ నాకలేకపోవడం, వెనక దంతాల్లో ఇరుక్కున్న మెతుకు నాలుకతో తీసుకోలేకపోవడం, ఫ్లూట్ లాంటిది నేర్చుకుంటే ఊదడంలో ఇబ్బంది, కింది ముందుపళ్ల లోపలివైపు చిగురు కిందికి లాగేసినట్టు ఉండటం, ఇవి వాడిని అడిగి తెలుసుకో. అడిగితేగానీ ఈ వయసు పిల్లలు చెప్పరు, తోటివాళ్లు నవ్వుతున్నారన్న సంగతి అసలే చెప్పరు. గురకకి మాత్రం ఎవరైనా ఇది కోయిస్తే పోతుందంటే వెంటనే నమ్మకు, ముందు టాన్సిల్స్, అడినాయిడ్స్ (ముక్కు వెనకాల ఉండే గడ్డలు), ముక్కు ఎలర్జీ చూపించు.

పెదవి సంగతి తొందరలేదు. ముందుపళ్ల మధ్య సందు ఉందని కదా కోసేద్దాం అంటున్నారు, కోరపళ్లు పూర్తిగా దిగేదాకా, అంటే 11, 12 ఏళ్లు దాటేదాకా, చాలామంది పిల్లలకి ఆ సందు ఉంటుంది, ఆ పళ్లు దిగుతూ నెట్టుకుంటూ వస్తే దానంతటదే మూసుకుంటుంది. మనవాడికి ఒకటి ఇంకా సగమే దిగిందన్నావుగా, అదీ దిగనీ. అప్పటికీ సందు మిగిలితే సాధారణంగా ముందు క్లిప్పులతో దగ్గరికి తెచ్చి తర్వాత పొర తీస్తారు. ముందే తీస్తే అక్కడ గట్టిపడే మచ్చ కణజాలం పళ్లు దగ్గరికి రానివ్వకుండా అడ్డుపడొచ్చు. అందుకని రెండూ ఒకేసారి అన్నమాట దగ్గర ఆగి, క్లిప్పులు వేసే ఆర్థోడాంటిస్ట్‌ని కూడా అడుగు.

ఇప్పుడు అసలు మాట. నాలుక సంగతి నువ్వూ మీ ఆయనా గదిలో కూర్చుని తేల్చేసేది కాదు, వాడు తేల్చుకోవాలి. పసిపిల్లల్లో అయితే కత్తెరతో చిన్న గాటు, వెంటనే పాలు, అయిపోతుంది. పదమూడేళ్ల నాలుక పదమూడేళ్లుగా ఒకే దారిలో తిరిగింది, పొర తెగినంత మాత్రాన కొత్త దారి దానికి తెలీదు, ఆ ఎక్సర్‌సైజులు రోజూ వాడే చెయ్యాలి, నీ బలవంతం మీద అద్దం ముందు నిలబడితే నాలుగు రోజులకి మానేస్తాడు, గాయం బిగుసుకుని మళ్లీ అంటుకునే ప్రమాదం. నేను చూసిన పిల్లల్లో బాగుపడ్డవాళ్లు తమకే కావాలనుకున్నవాళ్లు. అద్దం ముందు కూర్చోబెట్టి నాలుక కింద ఏముందో చూపించు, ఏం చేస్తారో దాచకుండా చెప్పు, వద్దంటే ఆరు నెలలు ఆగు. మళ్లీ అడిగే హక్కు వాడికి ఎప్పుడూ ఉంటుంది.

సరే అంటే, ఆపరేషన్‌కి ముందు రెండు మూడు వారాలు ఎక్సర్‌సైజులు మొదలుపెట్టించమని థెరపిస్ట్‌ని అడుగు. నాలుక మొత్తం అంగిలికి పీల్చి పట్టి ట్లక్ అని వదలడం, కొస పైపళ్ల వెనక ఆనించి నోరు తెరవడం, అటు చెంపకీ ఇటు చెంపకీ నెట్టడం, ఇలాంటివి. నొప్పి లేనప్పుడు నేర్చుకున్నది నొప్పి ఉన్నప్పుడు గుర్తుంటుంది.

ఈ వయసులో మామూలుగా అక్కడివరకే మత్తు ఇంజెక్షన్ ఇచ్చి చేస్తారు, పని తక్కువ టైములోనే అయిపోతుంది. లేజరా కత్తా అన్నదాని కంటే చేసే చేయి ముఖ్యం, ఎందుకంటే లాలాజలం వచ్చే నాళాల మూతులు ఆ పొరకి రెండు పక్కలా ఉంటాయి, రక్తనాళాలూ దగ్గరే. ఇంతకుముందు పెద్ద పిల్లలకి చేశారా, కుట్లు వేస్తారా, తర్వాత ఎక్సర్‌సైజులు ఎవరు చూస్తారు అని మొహమాటపడకుండా అడుగు. చిన్న దెబ్బకే రక్తం ఆగకపోవడం ఇంట్లో ఎవరికైనా ఉంటే తప్పకుండా చెప్పు.

మొద్దుబారినంతసేపూ ఏదీ నమలనివ్వకు, తెలీకుండా నాలుక కొరికేసుకుంటారు. మొదటి మూడు నాలుగు రోజులు నొప్పి, మెత్తగా చల్లగా పెట్టు, కారం వద్దు, డాక్టర్ చెప్పిన పారాసిటమాల్ చాలు, ఆస్పిరిన్ మాత్రం ఈ వయసుకి ఇవ్వకూడదు. రెండో రోజో మూడో రోజో నాలుక కింద తెల్లగా, లేత పసుపుగా మెత్తటి పొర కడుతుంది, చీము అనుకుని గోకకు, గీకకు, మానేటప్పుడు అలాగే ఉంటుంది. శుభ్రమైన గాజ్ గుడ్డతో పది నిమిషాలు అదిమినా రక్తం ఆగకపోయినా, జ్వరమొచ్చినా, నాలుక కింద వాపు పెరిగి మింగడం, ఊపిరి కష్టమైనా ఆలోచించకుండా హాస్పిటల్‌కి పరిగెత్తు. లేదంటే డాక్టర్ చెప్పిన రోజు నుంచి ఎక్సర్‌సైజులు, రోజుకి నాలుగైదుసార్లు కొద్దికొద్దిగా, నెల పైనే పడుతుంది. మాటలో తేడా రావడానికి ఇంకా టైము పడుతుంది, వారంలో "ర" రాలేదని మొహం చిన్నబుచ్చుకోకు, వాడు నీ మొహమే చూస్తుంటాడు.

ముందు ఆ కొలతలు రాసి పంపు, చదివేటప్పుడు వీడియో తీసి పంపు. పక్కనుంచి తియ్యి, గడ్డం కదలిక కనపడాలి నాకు.

పెద్దమ్మ