పగలు పస్తు, రాత్రి వాంతులు: ఆకలి తగ్గే ట్యాబ్లెట్ ఏదైనా ఉందా డాక్టర్ గారూ?

ప్రశ్న: నా వయసు 20. హైదరాబాద్‌లో హాస్టల్‌లో ఉండి బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నాను. ఎత్తు 5 అడుగుల 3 అంగుళాలు, బరువు 58 కిలోలు. పోయినేడాది అక్క పెళ్లి ఫొటోల్లో అందరికన్నా నేనే లావుగా కనిపించాను. అప్పట్నుంచి టిఫిన్ మానేశాను. మధ్యాహ్నం కీరా ముక్కలు, మజ్జిగతో సరిపెట్టుకుంటాను. రాత్రి పది దాటాక మాత్రం నా వల్ల కావట్లేదు. బిస్కెట్లు, మిక్చర్, ఆర్డర్ పెట్టిన బిర్యానీ, ఏది దొరికితే అది తినేస్తాను. తర్వాత భయమేసి వాంతి చేసుకుంటాను. వారానికి నాలుగైదుసార్లు ఇలా జరుగుతోంది, ఎనిమిది నెలలైంది. ఎవరికీ తెలీదు. రాత్రిపూట ఆకలి వేయకుండా ఏదైనా ట్యాబ్లెట్ చెప్పండి. – ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ఎవరితోనూ చెప్పుకోలేని విషయం దాచకుండా రాశావు, చాలా మంచి పని చేశావు. ముందు నువ్వు అడిగినదానికే జవాబు చెప్తాను. ఆకలి చంపే ట్యాబ్లెట్ వద్దు. ఆన్‌లైన్‌లో దొరికినా, ఫ్రెండ్ ఎవరైనా ఇచ్చినా వేసుకోకు. నీ సమస్య మొదలయ్యేది రాత్రి పదింటికి కాదు, పొద్దున ఎనిమిదింటికి, టిఫిన్ మానేసి క్లాసుకి వెళ్లిపోయినప్పుడు.

నీకు నిగ్రహం లేదని నిన్ను నువ్వే తిట్టుకుంటూ ఉంటావు, ఇలాంటి ఇబ్బందితో వచ్చే పిల్లలందరూ అదే మాట అంటారు. 1944–45లో అమెరికాలోని మిన్నెసోటా యూనివర్సిటీలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త ఒక ప్రయోగం చేశారు. మానసికంగా, శారీరకంగా గట్టిగా ఉన్న 36 మంది యువకులను ఏరికోరి ఎంచుకుని ఆరు నెలలపాటు వాళ్ల తిండిని దాదాపు సగానికి తగ్గించారు. వాళ్లెవరికీ అంతకుముందు లావు, సన్నం గురించిన బెంగ లేదు. అయినా కొన్నాళ్లకే రోజంతా తిండి ధ్యాసే అయిపోయింది, వంటల పుస్తకాలు ముందేసుకుని కూర్చునేవాళ్లు, తిరిగి తినొచ్చు అన్నాక కొందరు కడుపు పగిలేలా తిన్నా ఆకలి తీరలేదన్నారు. అంటే ఒంటికి కావాల్సింది పగలంతా ఇవ్వకుండా బిగబట్టుకుంటే రాత్రికి ఎవరైనా అలాగే తింటారు. అలా తిన్నందుకు సిగ్గు, ఆ సిగ్గుతో వాంతి, మర్నాడు దానికి శిక్షగా మళ్లీ పస్తు, మళ్లీ రాత్రి. ఎనిమిది నెలలుగా నువ్వు ఇందులోనే తిరుగుతున్నావు.

పైగా వాంతి చేసుకుంటే తిన్నదంతా బయటికి పోతుందనుకోవడం పొరపాటు, అప్పటికే అందులో చాలా భాగం లోపలికి వెళ్లిపోయి ఉంటుంది. విరేచనాల మాత్రలు వేసుకునేవాళ్లు కూడా ఉన్నారు, వాటి వల్ల పోయేది ఎక్కువగా నీళ్లూ లవణాలే. బరువు మిషన్ మీద ఒక కిలో తగ్గినట్టు కనిపించి రెండ్రోజుల్లో మళ్లీ వచ్చేస్తుంది.

నిన్ను చూడకుండా ఖాయంగా చెప్పకూడదు కానీ నువ్వు రాసిన లక్షణాలు బులిమియా అనే జబ్బువి. 1979లో లండన్‌లో జెరాల్డ్ రస్సెల్ అనే సైకియాట్రిస్ట్ దీన్ని మొదటిసారి వివరించారు. ఇందులో బరువు చాలామందికి మామూలుగానే ఉంటుంది. నీ లెక్క చూస్తే బీఎంఐ, అంటే ఎత్తుకి తగ్గ బరువు ఉందో లేదో చెప్పే లెక్క, 22.7 వస్తోంది, మన భారతీయులకి 18.5 నుంచి 22.9 వరకు నార్మల్. డాక్టర్‌గా చూస్తే నువ్వు తగ్గాల్సిన బరువంటూ ఏమీ లేదు. నువ్వు చిక్కి సగమైపోయి ఉంటే ఇంట్లోవాళ్లు ఈపాటికి ఏ డాక్టర్ దగ్గరికో లాక్కెళ్లేవాళ్లు. చూడ్డానికి బాగానే ఉన్నావు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు, నాకు భయమంతా అక్కడే.

ఈమధ్య అద్దంలో చూసుకుంటే చెవుల కింద, దవడల దగ్గర ఉబ్బినట్టు ఉంటోందా? మాటిమాటికీ వాంతులు చేసుకునేవాళ్లలో అక్కడుండే లాలాజల గ్రంథులు వాస్తాయి, దాంతో ముఖం గుండ్రంగా కనిపిస్తుంది. పాపం ఆ పిల్లలు దాన్ని కొవ్వు అనుకుని ఇంకా కడుపు మాడ్చుకుంటారు. అది వాపు, వాంతులు ఆగితే కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. కడుపులోని యాసిడ్‌కి పళ్ల ఎనామిల్ కరిగిపోతుంది, చల్లటి నీళ్లు తాగితే జివ్వుమంటుంది. వాంతి అయిన వెంటనే బ్రష్ చేయకు, యాసిడ్‌తో మెత్తబడిన ఎనామిల్ ఇంకా అరిగిపోతుంది, నీళ్లతో బాగా పుక్కిలించి కనీసం అరగంట ఆగాలి. వీటన్నిటికన్నా ప్రమాదం పొటాషియం పడిపోవడం. గుండె సరిగ్గా కొట్టుకోవాలంటే రక్తంలో పొటాషియం తగినంత ఉండాలి, అది బాగా తగ్గితే గుండె లయ తప్పుతుంది, పైకి మామూలుగా కనిపించే మనిషికి కూడా ప్రాణం మీదికి రావొచ్చు.

అందుకని రేపట్నుంచే మూడు పూటలా తిను. పొద్దున మెస్‌లో ఇడ్లీయో ఉప్మాయో ఏది పెడితే అది, మధ్యాహ్నం అన్నం, పప్పు, కూర, పెరుగు, రాత్రి ఎనిమిదింటికల్లా భోజనం. మధ్యలో పదకొండింటికి ఒక అరటిపండు, సాయంత్రం పల్లీ చిక్కీయో ఉడకబెట్టిన గుడ్డో, పడుకునే ముందు కావాలంటే గ్లాసు పాలు. నాలుగు గంటలకి మించి కడుపు ఖాళీగా ఉండకూడదు, ఆకలి వేసినా వేయకపోయినా టైముకి తినాలి. రాత్రి అదుపు తప్పి తిన్నా సరే, మర్నాడు టిఫిన్ మానకూడదు, నేను చెప్పేవాటిలో అన్నిటికన్నా కష్టమైంది ఇదే. మొదటి రెండు మూడు వారాలు పొట్ట ఉబ్బరంగా ఉంటుంది, ఒంట్లో నీరు చేరి బరువు కాస్త పైకీ కిందికీ ఊగుతుంది, కంగారుపడకు. రోజూ బరువు చూసుకోవడం ఆపెయ్. భోజనం అయ్యాక గంటసేపు ఒంటరిగా ఉండకుండా రూమ్మేట్‌తో కూర్చో, వరండాలో నడువు, లేదా అమ్మకి ఫోన్ చెయ్.

ఇది సొంతంగా కొంతవరకే సాగుతుంది, సైకియాట్రిస్ట్‌ని కలవాల్సిందే. దీనికి ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చే సీబీటీ అనే కౌన్సెలింగ్ బాగా పనిచేస్తుంది, సాధారణంగా ఐదు నెలల్లో 20 సెషన్ల వరకు ఉంటుంది. అవసరమైతే ఫ్లూఆక్సెటిన్ అనే మందు ఇస్తారు, అది డాక్టర్ చూసి డోసు రాసి ఇవ్వాల్సిన మందు. ప్రైవేటుకి డబ్బులు లేకపోతే ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థ ఉంది, విశాఖలో ప్రభుత్వ మానసిక ఆస్పత్రి ఉంది, పెద్ద ప్రభుత్వాస్పత్రుల్లో సైకియాట్రీ ఓపీ ఉంటుంది. నోరు విప్పి చెప్పడమే కష్టంగా ఉంటే ముందు టెలి మానస్ అనే ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చెయ్, ఉచితం, రాత్రి రెండింటికైనా పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. బతకాలనిపించడం లేదనే ఆలోచన ఎప్పుడైనా వస్తే ఒక్క క్షణం ఆలోచించకుండా ఆ నంబరుకే చెయ్, పక్కనున్న మనిషిని లేపు. ఇంట్లో తెలిసిపోతుందనే టెన్షన్ వద్దు. నువ్వు మేజర్‌వి, 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం ప్రాణాపాయం లాంటి సందర్భాల్లో తప్ప నీ విషయం డాక్టర్ బయటపెట్టకూడదు. అయినా అమ్మకో అక్కకో చెప్తే మంచిదని నా అభిప్రాయం. "నేను తిని వాంతి చేసుకుంటున్నాను, నా అంతట నేను ఆపుకోలేకపోతున్నాను, డాక్టర్ దగ్గరికి తోడు రా" అంటే చాలు.

ఇది చదువుతున్న పెద్దవాళ్లకి, హాస్టల్ పిల్లలకి కూడా ఒక మాట. సెలవులకి ఇంటికొచ్చిన పిల్ల గడపలో ఉండగానే "ఏంటే, హాస్టల్ తిండి బాగా పడినట్టుందే" అనడం దయచేసి మానండి. "అబ్బ, సన్నబడ్డావ్, ఇప్పుడు బాగున్నావ్" అని మెచ్చుకోవడమూ అంతే చేటు, ఆ పిల్ల ఎలా సన్నబడిందో మీకు తెలీదు. ఫిజీ దీవుల్లో బొద్దుగా ఉండటమే అందమనుకునే ఒక ప్రాంతానికి 1995లో టీవీ వచ్చింది. సర్వే చేసిన బడి ఆడపిల్లల్లో బరువు తగ్గడానికి వాంతి చేసుకునేవాళ్లు అప్పట్లో ఒక్కరూ లేరు, మూడేళ్ల తర్వాత చూస్తే అక్కడి బడి ఆడపిల్లల్లో 11.3 శాతం మంది ఆ పని చేస్తున్నట్టు యాన్ బెకర్ అనే పరిశోధకురాలి సర్వేలో తేలింది. అది ఇంట్లో ఒక మూలన ఉండే టీవీ. ఇప్పుడు ఫోన్ దిండు కిందే ఉంటోంది, అందుకే నువ్వు కూడా చూడగానే నీ ఒళ్లు నీకే అసహ్యమనిపించే పేజీలన్నీ ఈ రోజే అన్‌ఫాలో చెయ్యమ్మా. మగపిల్లలకీ ఈ బాధ ఉంది, జిమ్‌కి వెళ్లి కండలు చాలట్లేదని కుమిలిపోయేవాళ్లు, ఎవరో అమ్మే ఇంజెక్షన్లు చేయించుకునేవాళ్లు ఉన్నారు, వాళ్లూ డాక్టర్‌ని కలవాలి.

ఇక నువ్వు ఈ వారంలోనే దగ్గర్లోని ఫిజీషియన్ దగ్గరికి వెళ్లి, వాంతుల విషయం దాచకుండా చెప్పి, సీరం ఎలక్ట్రోలైట్స్ (రక్తంలో పొటాషియం లాంటి లవణాలు చూసే పరీక్ష), క్రియాటినిన్ (కిడ్నీల పరీక్ష), హిమోగ్లోబిన్, ఈసీజీ చేయించుకో. పొటాషియం 3.5 కన్నా తక్కువ ఉంటే సైకియాట్రిస్ట్ అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా అదే రోజు చికిత్స మొదలుపెట్టించుకో. గుండె దడ, కళ్లు తిరిగి పడిపోవడం, కాళ్లలో సత్తువ లేకపోవడం, వాంతిలో రక్తం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా రిపోర్టుల కోసం కూడా చూడకు, నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లు.